తడి పడుగు

కొత్తకోట మగ్గాలవాడలో ఒక కట్టుబాటు ఉంది. మగ్గానికెక్కే నిలువు నూలును, అంటే పడుగును, ఎవరు వీధిలో సాగదీసి గంజి పెట్టినా, పిలవకపోయినా ఇరుగుపొరుగు వచ్చి చెయ్యి వేయాలి. పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా విడదీస్తూ, నూలు ఆరేదాకా అక్కడే ఉండాలి. మధ్యలో లేచిపోతే ఆ పడుగు గడ్డకట్టి చెత్తకుప్పకే.

శ్రవణ్‌కుమార్‌కు ఈ సంగతి బాగా తెలుసు. వాడు ఆ వాడలోనే నేసే దశరథకు స్వయానా చెల్లెలి కొడుకు. అందుకే సరిగ్గా మేనమామ పడుగుకు గంజి పెట్టిన పొద్దున్నే, అంత ఉక్కలోనూ కోటు తొడుక్కుని, సకల రోగాలకూ మందంటూ ఒక గొలుసు కంపెనీ అమ్మే పొడి డబ్బా పట్టుకుని దిగాడు. అందరికీ వంగి వంగి నమస్కారాలు పెట్టాడు. ఆ నవ్వు చూస్తేనే దశరథకు ఒళ్లు మండింది. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లు ఇలాగే నవ్వుతారు. నిరుడు చుట్టాలందరినీ ఈ కంపెనీలోనే చేర్పించి, వాళ్ల డబ్బు ముంచి, ఇప్పుడు పెళ్లిళ్లకు కూడా పిలిచే దిక్కు లేకుండా చేసుకున్నాడు. చుట్టాలు అయిపోయారు, ఇక వాడకట్టు మీద పడ్డాడు.

"నేను అమ్మనీకి రాలె. మిమ్మల్ని ఓనర్లను చేయనీకొచ్చిన," అన్నాడు శ్రవణ్. "మీరు ఇద్దర్ని చేర్పియ్యుండ్రి. ఆ ఇద్దరు ఇంకిద్దర్ని చేర్పిస్తరు. మీరు ఇంట్ల కూసున్నా నడుస్తది."

దశరథ పళ్లు నూరుకున్నాడు. మెడపట్టి గెంటడానికి చేతులు ఖాళీ లేవు. వినేవాళ్ల గతీ అదే. ఎదురింటి యాదమ్మ వినలేక తల వంచుకుంది. పక్కింటి కోడలు సంధ్య మాత్రం చెవులప్పగించింది.

"మా అత్తకు షుగరుంది. గీ పొడి పనిచేస్తదా అన్నా?"

"పక్కా. దవాఖాన గోలీలు బందు పెట్టుమను. గిప్పుడే చేరితే నీకు సగం ధరకొస్తది. ఫోన్ల నొక్కితే అయిపాయె."

సంధ్య ఒక చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసింది.

సంధ్య అత్త గుర్వమ్మ ఆ మధ్య గోలీలు మరిచిపోతేనే కళ్లు తిరిగి గడపలో పడింది. దశరథ ఒకసారి పడుగు వైపు చూసుకున్నాడు. ఇది పోతే దసరా దాకా మగ్గం మీద పని లేదు.

"అందరు చేతులు తియ్యుండ్రి," అన్నాడు. "లేచి ఇండ్లకు పోండ్రి."

ఎవరూ కదలలేదు. తడి పడుగు దగ్గర అలాంటి మాట ఆ వాడలో ఎవరూ విని ఎరగరు.

"మామా, పడుగు ఖరాబైతది," అన్నాడు శ్రవణ్.

"కానీయ్. వీళ్లు కదలలేరని జూసే వచ్చినవు గదరా."

ముందు తనే పోగులు వదిలేశాడు. యాదమ్మ లేచింది. ఆమె వెనకే మిగతావాళ్లూ లేచారు.

"సంధ్యా, మీ అత్తకు పొద్దటి గోలి ఇచ్చినవా?"

"ఇంక ఇయ్యలే కాకా." సంధ్య అంటుకుపోతున్న పోగులను చూసింది. ఫోన్ బొడ్లో దోపుకుని గబగబా ఇంటికి నడిచింది.

వీధి ఖాళీ అయింది. శ్రవణ్ డబ్బా పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. దశరథ చేతుల గంజి కడుక్కోకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పురా అల్లుడా," అన్నాడు. "నాకిగ పనేం లేదు."