గేరు మామయ్య వెయ్యని చార్టు

హలో... ఆఁ, వినపడుతోందా? అందరూ బాగున్నారా? చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, పర్లేదు. ఇవాళ మీకు ఒక మనిషి గురించి చెప్పాలి. పేపర్లో పడేంత గొప్పవాడేం కాదు. బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీ చార్టులు వేసే గుమాస్తా. అందరూ గేరు మామయ్య అంటారు. ఉద్యోగంలో ఆయన ఆఖరి రోజు సంగతి ఇది.

ఆ పొద్దున కూడా ఆయన ఇయర్‌ఫోను తగిలించుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, అప్పటికే కంప్యూటర్లో చార్టు వేసే షీట్లో చాలా దూరం వెళ్ళిపోయాడు. ఎదురుగా తెర నల్లగా ఉంది. దాన్ని వెలిగించాల్సిన అవసరం ఆయనకు లేదు. తెర మీద ఉండాల్సినదాన్ని చదివి చెప్పే గొంతొకటి ఆ మిషన్లో ఉంది. అది ఎంత జోరుగా చదువుతుందంటే, ఎవరైనా సరదాకి ఆ ఇయర్‌ఫోను పెట్టుకుంటే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటుంది తప్ప ఒక్క మాటా అర్థం కాదు. ఆయనకు మాత్రం ముక్క ముక్కా తెలుస్తుంది.

అడ్డ వరసకో డ్రైవరు. ఆ వరసలో కుడికి వెళ్తే రూటు, బండి, బయల్దేరే వేళ, దిగాక విశ్రాంతి, మర్నాటి షిఫ్టు. బాణం గుర్తున్న మీట ఒకసారి నొక్కితే పక్క గడిలోకి వెళ్తాడు. కంట్రోల్ మీట పట్టుకుని బాణం నొక్కితే వరస చివరికి ఒకే దూకు. మొదటిది ప్రతి స్టాపులో ఆగే బండి, రెండోది ఎక్స్‌ప్రెస్ అంటాడు. ఎడమచెయ్యి కంట్రోల్ మీద వేసినప్పుడల్లా ఆయన భుజం కాస్త వెనక్కి పోతుంది, అచ్చం గేరు మార్చినట్టు. పేరు అలా వచ్చింది. అందంగా ఉంటుందని ఎవరైనా రెండు గడులు కలిపి ఒకటి చేస్తే మాత్రం ఊరుకోడు. కలిపిన గడి దగ్గర గొంతు తికమకపడి ఎక్కడికో జారిపోతుంది. "రోడ్డుకు అడ్డంగా గోడ కట్టి, బాగుందా అని నన్నడుగుతారేంట్రా?" అని కేకలేస్తాడు.

చూపున్న రోజుల్లో ఆయన ఇదే డిపోలో డ్రైవరు. ఒక సాయంత్రం ఎదురొచ్చే లైట్ల చుట్టూ వలయాలు కనపడ్డాయి. కళ్ళు నలుపుకున్నాడు, పోలేదు. బండి పక్కకు తీసి ఆపాడు. ప్రయాణికుల్ని వెనకొచ్చే బస్సులోకి ఎక్కించి, తాళం జేబులో వేసుకుని, డిపోకి వచ్చి అప్పటి మేనేజరు బల్ల మీద పెట్టేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ పట్టుకోలేదు. తర్వాత చాలాకాలం గేటు పక్క బెంచీ మీద కూర్చుని, వచ్చే బళ్ళ ఇంజను చప్పుడు వింటూ గడిపాడు. ఆ బెంచీ మీంచి ఈ కుర్చీలోకి రావడానికి ఆయన పడ్డ పాట్లు ఇంట్లో ఆవిడకి తెలుసు. రాత్రి పడుకుని కూడా దుప్పటి మీద వేళ్ళతో బాణాలు కొట్టేవాడట.

ఆ పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయి డిపోలో విచారణ ఫోను ఎత్తుతుంది. ఫోనమ్మాయి అంటారు. పుట్టినప్పట్నుంచీ చూపు లేదు. ఫోను ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆయన దగ్గరికొచ్చి షీటు నేర్చుకుంది.

పొద్దున్నే మేనేజరు వచ్చి ఇద్దరికీ కలిపి చెప్పాడు. మనిషి మంచివాడే, మాట కాస్త కటువు.

"చూడండి మామయ్యా, మీ తర్వాత ఈ కుర్చీ ఎత్తేసి, పని ఇంకెక్కడికో పంపించేద్దామని పైవాళ్ళ ఆలోచన. ఈ అమ్మాయి పేరు రాసి పంపాలంటే నాకో కారణం ఉండాలి. రేపటి చార్టు ఆమె ఒక్కత్తే వెయ్యాలి. అది చూసి ఒక్క డ్రైవరు కూడా నా గదికి రాకూడదు. వస్తే మాత్రం నన్నేమనొద్దు."

ఆయన వెళ్ళాక ఫోనమ్మాయి చేతులు చున్నీకి తుడుచుకుంది. గేరు మామయ్య తన కుర్చీలోంచి లేచి ఆమెను కూర్చోబెట్టాడు.

"వేళ్ళు మరీ గట్టిగా పడుతున్నాయి మామయ్యా."

"పడనీ. మీటలు గట్టివే, ఊడిపోవులే."

మధ్యాహ్నానికి చార్టు అయిపోయింది. ఆయన ఇయర్‌ఫోను పెట్టుకుని ఒక్కసారి ఎక్స్‌ప్రెస్‌లో చుట్టి వచ్చాడు. ఖాళీ గడి లేదు. ఒకే బండికి ఇద్దరు పడలేదు. విశ్రాంతి తగ్గినవాడు లేడు. ఆయన ముఖం వెలిగిపోయింది. అంతలో ఇంటినుంచి ఆవిడ ఫోను.

"అయిందా మీ పెత్తనం? రేపట్నుంచి నాకు కూడా డ్యూటీ చార్టు వేస్తారా ఏంటి?"

"నీకు వేసే దమ్ము ఎవరికుందే? నువ్వే డిపో మేనేజరువి."

చార్టు అచ్చుతీసి బోర్డుకు అంటించారు. కాసేపటికే వరండాలో బూట్ల చప్పుడు టకటకా మేనేజరు గదివైపు వెళ్ళింది. తలుపు తోసిన మోత. ఆ వెంటనే, అందరూ పొడుగు డ్రైవరు అనే అతని గొంతు.

"రేపు మా పాపకి ఆపరేషనండీ! సెలవిచ్చామని చెప్పారు. బోర్డు మీద చూస్తే పొద్దుటి బండి నాదే! ఏమనుకుంటున్నారు మనుషులంటే?"

ఫోనమ్మాయి మీటల మీంచి చేతులు తీసేసింది. పిలవకముందే గేరు మామయ్య లేచాడు. ఇద్దరూ మేనేజరు గదికి వెళ్ళేసరికి షెడ్డులోంచి షిఫ్టు సూపర్‌వైజరును కూడా పిలిపించారు. రోజూ సెలవుల సంగతి ఆయనే వచ్చి నోటితో చెప్పేవాడు. ఇవాళ షెడ్డులో బండి చెడిపోయి తీరిక లేక, సెలవున్నవాళ్ళ గుర్తు షీట్లోనే పెట్టి వెళ్ళిపోయాడు.

"నేను గుర్తు పెట్టానండీ! పేర్ల మీద నిక్షేపంగా పసుపు రంగు వేశాను. ఆమడ దూరం నుంచి కనపడుతుంది!" అన్నాడు సూపర్‌వైజరు.

ఎదురుగా ఉన్నది ఎవరో అప్పుడు గుర్తొచ్చి సూపర్‌వైజరు నాలిక కరుచుకున్నాడు.

"అయితే ఇది వీళ్ళవల్ల అయ్యే పని కాదనేగా?" అన్నాడు మేనేజరు, ఎవరినీ ఉద్దేశించనట్టు.

అక్కడ గేరు మామయ్య కావాలంటే ఊరుకోవచ్చు. తప్పులో సగం రంగు వేసినవాడి మీదికి వెళ్ళిపోయింది, మిగతా సగం అమ్మాయి మీదికి వెళ్తుంది. తను సాయంత్రం మచ్చ లేకుండా ఇంటికి వెళ్ళొచ్చు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అవుతుందండీ. ఆ గొంతుకి రంగులు తెలుసు. అడిగితే చెప్తుంది. చెప్పకుండా నోరు నొక్కింది నేనే. ప్రతి గడికీ తెలుపు మీద నలుపు, తెలుపు మీద నలుపు అని గొణుగుతుంటే నా జోరు తగ్గిపోతోందని ఎప్పుడో ఆపేశాను. జోరంటే నాకు పిచ్చి. ఈ పిల్లకీ అలాగే నేర్పించాను. ఆమె నేను చెప్పినట్టే చేసింది."

"ఆఖరి రోజు ఈ మాట ఎందుకు నెత్తినేసుకుంటారు మామయ్యా?" అన్నాడు మేనేజరు.

"నాది కాబట్టి వేసుకుంటున్నాను. ఇంకొకళ్ళ నెత్తిన పెడితే జారిపోతుంది."

మేనేజరు పెన్నుకి మూత పెట్టాడు. "సాయంత్రం షిఫ్టు దిగేలోపు సరిచెయ్యండి. తర్వాత చూద్దాం" అన్నాడు.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చోగానే ఫోనమ్మాయి రంగులు చెప్పే ఏర్పాటును మళ్ళీ ఆన్ చేసింది. గొంతు వేగం తగ్గించింది. గేరు మామయ్య అలవాటు కొద్దీ, "కంట్రోల్ పట్టుకో, చివరికెళ్ళి వెనక్కి వద్దాం" అన్నాడు.

"ఎక్స్‌ప్రెస్ వద్దు మామయ్యా. ఈసారి ప్రతి స్టాపులోనూ ఆగుదాం."

ఆయనకు షీటు దగ్గర ఇదివరకెప్పుడూ అలా ఎవరూ ఎదురు చెప్పలేదు. "సరే, డ్రైవరువి నువ్వే" అని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆమె ఒక్కో పేరు మీద ఆగుతూ దిగింది. తెలుపు. తెలుపు. పసుపు. అక్కడ పేరు పక్కన కొత్త నిలువు వరస తెరిచి 'సెలవు' అని మాట రాసింది. అతని బండికి మరో మనిషిని వెతికింది. ఆ మనిషి విశ్రాంతి చూసింది. మళ్ళీ కిందికి. ఒకచోట ఠక్కున ఆగిపోయింది.

"బాబాయ్, ఈ పేరు ఆకుపచ్చ అంటోందేంటి?"

గుమ్మంలో నిలబడ్డ సూపర్‌వైజరు నసిగాడు. "అదా... అది కొత్త బూట్లు రావాల్సినవాళ్ళ గుర్తమ్మా."

"బూట్లకి కూడా రంగా!" వెనకే వచ్చి నిలబడ్డ పొడుగు డ్రైవరు అంత కోపంలోనూ నవ్వేశాడు. "చార్టు వెయ్యమంటే ఇంద్రధనుస్సు వేశావేంటయ్యా?"

"మీకిష్టమైతే రంగు వేసుకోండి బాబాయ్," అంది ఫోనమ్మాయి. "పక్కన మాట కూడా రాయండి. అప్పుడు మీకు కనపడుతుంది, మాకు వినపడుతుంది."

సరిచేసిన చార్టు బోర్డెక్కింది. పొడుగు డ్రైవరు తన పేరు పక్కన 'సెలవు' అన్న మాట చూసుకుని, మళ్ళీ మేనేజరు గదికి వెళ్ళాడు. ఈసారి తలుపు మెల్లగా తట్టాడు.

"సార్, ఇందాక నేను ఫిర్యాదుకి రాలేదండీ. దారి తప్పి వచ్చాను."

"ఇన్నేళ్ళు బస్సు నడిపి నా గదికి దారి తప్పావా?"

"తప్పానండీ. రాసుకోండి కావాలంటే."

మేనేజరు నవ్వు వరండాదాకా వినపడింది. ఆయన గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయ్, నీ పేరు పంపిస్తున్నాను. పైవాళ్ళు అడిగితే జవాబు నేను చెప్పుకుంటాను. రేపు పొద్దున్నే వచ్చెయ్, నువ్వు రాకపోతే బళ్ళు కదలవు" అన్నాడు.

ఫోనమ్మాయి తలూపి, మళ్ళీ షీట్లో మునిగిపోయింది. ఎల్లుండి చార్టుకి కూడా ఆ కొత్త వరస పెట్టాలి కదా.

గేరు మామయ్య చొక్కా సర్దుకుని లేచాడు. సభలూ దండలూ వద్దని ముందే చెప్పేశాడు. చేతికర్ర అందుకుని గుమ్మం దగ్గర ఆగాడు. ఆమె వేళ్ళ చప్పుడు విన్నాడు. టిక్. ఆగింది. టిక్. ఆగింది. తొందర లేదు, తడబాటు లేదు. బస్సు నడపడం నేర్పినవాడు మొదటిసారి పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకోగలిగితే ఎలా ఉంటుందో, ఆయనకు అలా ఉంది. వెళ్ళొస్తానమ్మా అనబోయాడు. గొంతు చెప్పేది మధ్యలో తెగిపోతే మళ్ళీ మొదటినుంచి వినాలి, ఆ కష్టం ఆయనకు తెలుసు. అనలేదు. ఛాతీ కాస్త ముందుకు పెట్టుకుని, మెట్లు దిగి, సాయంత్రం బండెక్కి వెళ్ళిపోయాడు.

బల్ల చివర ఆయన ఇయర్‌ఫోను ఉండిపోయింది. కుడిచెవి స్పాంజి అరిగి, నలిగి, లోపలి జాలీ బయటపడింది. ఎడమవైపుది ఇప్పటికీ కొత్తదే. ఆ చెవి ఆయన ఎప్పుడూ మూసుకోకుండా, మనుషుల కోసం అట్టిపెట్టుకున్నాడు.

అదండీ సంగతి. నచ్చితే నలుగురికీ పంపండి. అయితే ఒక్క మాట, దీన్ని ఫొటో తీసి మాత్రం పంపకండి. అక్షరాలుగానే పంపండి. ఫోను చదివి పెడితే వినేవాళ్ళు మీకు తెలిసినవాళ్ళలోనూ ఉంటారు, వాళ్ళకి కూడా చేరాలి.