బిళ్ళ పెడితే లైటియ్యాలె

"తెచ్చియ్యాలె మల్ల."

కిటికీలోంచి టోపీ లైటు అందిస్తూ రాజం ప్రతి మనిషితోనూ అనే మాట అదొక్కటే. పోయి రమ్మనడు, పైలమనడు. ఇత్తడి బిళ్ళ అందుకుంటాడు, లైటిస్తాడు, బిళ్ళను వెనక బోర్డు మీది మేకుకు తగిలిస్తాడు. మేకుకు బిళ్ళ ఉన్నంతసేపు మనిషి బొగ్గుబాయిలో ఉన్నట్టు. లైటు తిరిగొచ్చి బిళ్ళ చేతికి చేరితే పైకొచ్చినట్టు. బిళ్ళ పెట్టినవాడు ఎవడైనా లైటివ్వాల్సిందే, పెట్టకపోతే మేనేజరు సాబుకైనా చీకటే. ల్యాంపురూంలో చట్టమంటే అంతే.

"తేకేం జేస్త లైట్ రాజమన్నా! కిందనే ఉండనీకి ఆడ నా పెండ్లాం ఉన్నదా?" అన్నాడు వరసలో ఒకడు.

"ఉంటే చీకట్లనే ఉండాలె బిడ్డా. నీ మొకం మీద లైటు పడ్డదంటే అది ఉరుకుతది."

వరసంతా నవ్వింది. రాజం నవ్వలేదు. నవ్వితే కడుపులో పొడుస్తోంది. కిటికీ కింద, ఎవరికీ కనబడకుండా, ఎడమచేత్తో పొట్ట నొక్కిపట్టుకునే పని కానిచ్చాడు.

రాజం పేరులోనే ఒక లోటుంది. నడుమ ఒక్క 'స' పడితే రాజసం అయ్యేది. ఆ 'స' కాస్తా సలాములకే ఖర్చయిపోయింది. కమాన్‌పూర్ పక్క పల్లెలో నాగలి పట్టినవాడు, బాయిలు తెరిచిన కొత్తలో వచ్చి తట్ట పట్టాడు. తాటిమాను లాంటి మనిషి. ఒకనాడు లోపల కప్పు కూలి నడుం మీద పడింది. దవాఖానలో లేచి నిలబడేసరికి తాటిమాను కొడవలైంది. "ఇగ నీకు లైట్ డ్యూటీ" అని ల్యాంపురూంలో వేశారు. లైట్ల దగ్గర లైట్ డ్యూటీ! బరువు మోసినన్నాళ్ళు మనిషికి బరువుండేది. తేలికయ్యాక అందరూ తేలిగ్గానే తీసుకున్నారు. దిగే పని పోయినా తన పాత బిళ్ళను మాత్రం తిరిగివ్వలేదు. మొలతాడుకు కట్టుకున్నాడు.

'లైట్ రాజం' అన్న పేరు మాత్రం తోటబంగళాలో పడింది.

గోదావరి దారిలో పట్నం కాంట్రాక్టరెవరో కట్టించిన వినోదాల తోట అది. నీళ్ళు చిమ్మే ఫౌంటెన్, పిల్లలు ఎక్కే బుల్లి రైలు, ఆ రైలు దూరి వెళ్ళడానికి సిమెంటుతో చేసిన ఉత్తుత్తి బొగ్గుబాయి. నిజం బాయిలో చెమట, ఆ బాయిలో చమక్కులు. పక్కనే అద్దాల తలుపుల భోజనశాల. తోట తెరిచిన రోజున విందుకొచ్చిన బాయిల పెద్దసాబు తనకు లైటుగా ఏదైనా చాలన్నాడట. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి దొర్లి ల్యాంపురూం చేరేసరికి "తోటబంగళల పెద్దసాబుకు లైటు కావాల్నట, జల్ది!" అయింది. రాజం ఉన్నవాటిలో మంచి లైటు ఏరి, గుడ్డతో మెరిసేలా తుడిచి, వంగిన నడుంతోనే ఉరికాడు. పింగాణీ ప్లేట్ల నడుమ తెల్లగుడ్డ మీద పెట్టి సలాం కొట్టాడు. కొట్టి ఊరుకున్నా బాగుండేది.

"సాబ్, బిళ్ళ?" అని చేయి చాపాడు.

హాలు హాలంతా నవ్వింది. వడ్డన చూసే లింగమూర్తి మాత్రం తెల్లగుడ్డ మీద పడిన నల్లటి మరక చూసి రాజం రెక్క పట్టుకున్నాడు. "తినేకాడికి బొగ్గు తెస్తవా?" అని ఈడ్చి, అంట్లు తోమే వెనక దర్వాజాలోంచి బయటికి తోశాడు. అందరితో పాటు రాజమూ నవ్వాడు. ఇన్నేళ్ళూ నవ్వుతూనే ఉన్నాడు. కడుపులో ఏదో గడ్డకట్టింది.

అది నిజంగానే గడ్డ అని డాక్టరు మొన్న చెప్పాడు. కోసినా లాభం లేదన్నాడు. ఇక లైట్ ఫుడ్డే తినాలన్నాడు. భార్య అనసూర్య దవాఖాన అరుగు మీదే కూలబడి ఏడ్చింది.

"లైట్ డ్యూటీ అయ్యింది, లైట్ రాజం అయ్యింది, ఇగ లైట్ తిండి" అన్నాడు రాజం. "మిగిలింది ఆరుడేనే. ఆరేలోపట ఆ బంగళల బల్లకాడ కూసోని తింట. ముంగటి దర్వాజకెళ్ళి పోత."

"జావ ఇంట్ల కాస్త గద! గింత దానికి గంత దూరమా?"

"జావ కాదే పిచ్చిదానా, జవాబు!"

అందుకే ఈ పూట, పొద్దటి షిఫ్టు మనుషులంతా దిగిపోయాక, ల్యాంపురూం తోటి పనివాడు కొమురెల్లికి అప్పజెప్పి బయల్దేరాడు. తెల్ల ధోవతి, ఉతికిన అంగీ. గోళ్ళలోని బొగ్గు ఏ సబ్బుకూ పోలేదు, పోనీ అనుకున్నాడు. అనసూర్య కొంగు తలమీదికి లాక్కుంటూ వెనక నడిచింది. అద్దాల తలుపు తోసి, నడిమి బల్ల దగ్గర కుర్చీ లాగి ముందు ఆమెను కూర్చోబెట్టాడు. తర్వాత తను కూర్చున్నాడు.

లింగమూర్తి గుర్తుపట్టాడు. జుట్టు నెరిసింది గాని చూపు నెరవలేదు.

"నువ్వు లైట్ రాజంవు గద? మల్లేం తెచ్చినవ్? ఎనుకకెళ్ళి రా పో."

"ఇయ్యాల తేలే. తిననీకి అచ్చిన. లైట్ తిండి ఏమున్నదో చెప్పు."

లింగమూర్తి అట్టముక్క బల్ల మీద పడేశాడు. మేను తగ్గించుకునేవాళ్ళ కోసం రాసిన మెనూ అది. రాజంకు తగ్గించుకోవడానికి మేనెక్కడిది?

"నాకు సదువు రాదు. నువ్వే సదువు."

"సూపు."

"సూసుడేనా, తాగుడు గూడ ఉంటదా?"

అనసూర్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"సలాడు."

"సలాములకే నడుమిరిగింది. సలాడొద్దు."

"టోస్టు."

"దోస్తువైతే తే."

పక్క బల్లల దగ్గర చెంచాలు ఆగాయి. లింగమూర్తి మొహం ఎర్రబడింది. వంగి, గొంతు తగ్గించి అన్నాడు: "రాజం, ఇది పెద్దోళ్ళు కూసునే జాగ. లెవ్వు, ఇజ్జత్ తోని పో."

రాజం అంగీ ఎత్తి మొలతాడు నుంచి పాత బిళ్ళ విప్పాడు. తెల్లగుడ్డ మీద, ఒకనాడు మరక పడిన చోటే, టక్కున పెట్టాడు.

"మా కాడ బిళ్ళ పెట్టినోనికి లైటియ్యాలె. జాతడగం, జీతమడగం. మీ కాడ తిన్న పెద్దసాబు బాయిల దిగినప్పుడు గూడ గిట్లనే ఇచ్చిన. వెనుక కిటికికి రమ్మన్లే. ఇగో నా బిళ్ళ. తే నా లైటు!"

గొంతు పెరిగింది. వంగిన నడుం కుర్చీ వీపుకు ఆని, ఉన్నంతలో నిటారైంది. హాల్లో ఎవరూ నవ్వలేదు. లింగమూర్తి బిళ్ళ వంక చూశాడు, గోళ్ళ వంక చూశాడు. తల తిప్పుకుని వంటింటికేసి నడిచాడు.

సూపు రెండు గిన్నెల్లో వచ్చింది. వెంట టోస్టు. రాజం చెంచా ముట్టలేదు. గిన్నె రెండు చేతులా ఎత్తి, ఆగి ఆగి, అడుగంటా తాగాడు. పొడిచే కడుపు పొడుస్తూనే ఉంది.

"ఎట్లున్నదయ్యా?" అంది అనసూర్య.

"ఉప్పు లేదు. మన జావనే నయం." మీసం తుడుచుకున్నాడు. "గని కుర్సీ మంచిగున్నది."

పైసలు బల్ల మీద లెక్కపెట్టి, ముందు దర్వాజాలోంచే బయటికి నడిచారు. లింగమూర్తి వెనకనుంచి కేకేశాడు. "రాజం, బిళ్ళ మరిసినవ్!"

"మరువలే. ఉండనియ్యి. రేపు మల్ల అస్త."

మధ్యాహ్నం పొద్దటి షిఫ్టు ముగిసి మనుషులు పైకి రాసాగారు. రాజం కిటికీలో కూర్చుని లైట్లన్నీ తీసుకున్నాడు, ఎవరి బిళ్ళ వాళ్ళకిచ్చాడు. చివరి మనిషి కూడా పైకొచ్చాడు. బోర్డు మీద మేకులన్నీ ఖాళీ అయ్యాయి. వాటిని ఒకసారి కలియజూసి, స్టూలు మీద గోడకు జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు. రెండో షిఫ్టుకు లైట్లు పంచుదామని వచ్చిన కొమురెల్లి "రాజమన్నా" అని పిలిచాడు. భుజం తట్టాడు. తర్వాత తలమీది రుమాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

కబురు తోటబంగళా చేరిన సాయంత్రం లింగమూర్తి చాలాసేపు బిళ్ళను అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. లేచి, ముందు దర్వాజా పక్క గోడకు మేకు కొట్టాడు. తిన్నవాళ్ళు తిని వెళ్ళిపోతున్నారు, తలుపు పడినప్పుడల్లా బిళ్ళ గోడకు తగిలి ఠంగుమంటోంది, మేకు మీదినుంచి దాన్ని ఎవరూ తీయలేదు.