ప్యాకెట్ ఏదీ పెద్దమ్మా?

అగ్నిమాపక కేంద్రంలో ఫైరింజను నడిపే ఆవిణ్ణి అక్కడ చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలుస్తారు. పొగ కమ్మిన మేడ మెట్లు చకచకా ఎక్కేసే ఆ మనిషి, తన ఇంటి వంటగదిలోకి మాత్రం టీ పెట్టుకోవడానికి తప్ప వెళ్ళేది కాదు. ఒంటరి మనిషి. డ్యూటీ ఉన్న రోజు కేంద్రంలో వండిందే భోజనం, సెలవైతే బ్రెడ్డూ అరటిపండూ. అలాంటి ఇంటికి ఒకరోజు చెల్లెలి కూతురు బట్టల పెట్టెతో వచ్చి దిగింది.

చెల్లెలు కడుపుతో ఉంది. రక్తపోటు పెరగడంతో కాన్పయ్యే దాకా ఆసుపత్రిలోనే ఉండాలన్నారు డాక్టర్లు. మరిది ఆమె దగ్గరే ఉండాలి. అందుకని పిల్లను పెద్దమ్మకు అప్పగించారు. రెండో తరగతి చదివే ఆ పిల్లను ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. కుదురుగా కూర్చోదు, నోరు మూయదు.

పిచ్చుకకు వేరుశెనగలు, జీడిపప్పు, బాదం పడవు. పాలు, గుడ్లు కూడా పడవు. చిన్న పలుకు పొరపాటున లోపలికి వెళ్ళినా పెదాలు వాచిపోయి ఊపిరి అందదు. ఎందుకైనా మంచిదని సంచిలో ఎప్పుడూ ఇంజెక్షను ఉంటుంది.

"అన్నం, కూరలతో పేచీ లేదక్కా. స్కూల్లో స్నాక్స్ టైముకే చిక్కు," అంది చెల్లెలు ఆసుపత్రి మంచం మీద నుంచి ఫోనులో. "అందరూ ఒకరి డబ్బాలోవి ఒకరు తింటూ ఉంటే ఇది టీచర్ పక్కన విడిగా కూర్చుంటుంది. నేనైతే ఓట్సూ పళ్ళూ కలిపి బార్లు చేసి పెడతాను. నీకు చేతకాదులే, పళ్ళు కోసి పెట్టు చాలు."

పిచ్చుకకు వేరుశెనగలు ఎలా పడవో, వాళ్ళ పెద్దమ్మకు చేతకాదన్న మాట అలా పడదు.

"చెప్పు ఎలా చేస్తారో. నేను చేస్తా," అంది.

మాగిన అరటిపళ్ళు మెత్తగా మెదిపింది. నానబెట్టిన ఖర్జూరాలు రుబ్బింది. ఆపిల్ తురిమింది. ఓట్సూ ఎండుద్రాక్షా కాస్త నూనే వేసి కలిపి, పళ్ళెంలో పరిచి ఓవెన్‌లో పెట్టింది. వాసన ఇల్లంతా కమ్ముకోగానే ఆగలేక, వేడివేడిగా ఉండగానే కత్తి పెట్టింది. ముక్కలు కాస్తా పొడిపొడి అయ్యాయి. ఇద్దరూ గిన్నె ముందేసుకుని చెంచాలతో తిన్నారు.

"బార్లు కాదు పెద్దమ్మా, బూరుగుదూది," అంది పిచ్చుక నోటి నిండా పెట్టుకుని.

రెండోసారి ముక్కలు విడిపోకూడదని ఓట్స్ ఎక్కువ పోసింది. ఓవెన్‌లో పెట్టి, పిచ్చుకకు తాడు నిచ్చెన ఎలా ముడి వేస్తారో చూపిస్తూ కూర్చుని అసలు సంగతి మరిచిపోయింది. ఈసారి కత్తి దిగలేదు. వాటిని కేంద్రానికి పట్టుకెళితే ఒకడు బల్ల మీద టకటకా కొట్టి చూశాడు.

"అక్కా, గోడ కట్టడానికి ఇంకెన్ని కావాలి?"

"నోరు మూసుకుని టీలో ముంచుకు తిను."

తిన్నారు. అక్క చేతి వంట తినే భాగ్యం మళ్ళీ దొరుకుతుందో లేదోనని ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నారు.

మూడోసారికి మొదట కొన్న ఓట్స్ ప్యాకెట్ అయిపోయింది. వీధి చివర విడిగా తూచి అమ్మే కొట్టు ఉంటే, డ్యూటీ దిగి వస్తూ అక్కడ కొనుక్కొచ్చి డబ్బాలో పోసింది. ఈసారి చెల్లెలు చెప్పినట్టు పూర్తిగా చల్లారే దాకా కత్తి ముట్టలేదు. నలుచదరంగా, అంచులు బంగారు రంగులో, తుంచితే మెత్తగా, అచ్చం కొన్నట్టు వచ్చాయి. ఆవిడ సంబరం పట్టలేక ఫోటో తీసి చెల్లెలికి పంపింది.

పిచ్చుక ఆ ముక్కల కేసి చూసింది. తర్వాత వంటగట్టు కేసి, చెత్తబుట్ట కేసి చూసింది.

"ఒకటి తినమ్మా."

"ఇప్పుడొద్దు. స్కూల్లో తింటా," అంది.

మర్నాడూ ఆ మర్నాడూ డబ్బా ఖాళీగా తిరిగి వచ్చింది. ఎలా ఉన్నాయే అంటే "సూపర్" అంది. పెద్దమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ సాయంత్రం సంచి దులుపుదామని బోర్లిస్తే, పుస్తకాల అడుగు నుంచి కాగితంలో చుట్టిన బార్లు జారి పడ్డాయి. ఒక్కటీ కొరికి లేదు.

ఆవిడకు చివుక్కుమంది. పిల్లను పిలిచింది.

"బాలేకపోతే బాలేదని చెప్పొచ్చు కదే. నేనేమన్నా అంటానా?"

పిచ్చుక తల వంచుకుంది. కళ్ళు తుడుచుకుంటూ, "ఓట్స్ ప్యాకెట్ కనిపించలేదు పెద్దమ్మా. ప్యాకెట్ చూడకుండా ఏదీ తినొద్దంది అమ్మ. అడుగుదామనుకున్నా. నువ్వు అంత కష్టపడి చేశావు, ఫోటో కూడా తీశావు. అడిగితే బాధపడతావని..." అంది.

"ఓట్స్ ఓట్సే కదరా కన్నా, వాటిలో ఏముంటుంది?" అందే గానీ, ఆ మాట ఆవిడకే నమ్మకంగా అనిపించలేదు. వెంటనే చెప్పులేసుకుని పిల్ల చెయ్యి పట్టుకుని కొట్టుకు వెళ్ళింది.

కొట్లో ఎవరికో వేరుశెనగలు తూస్తున్నారు. ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. కొట్టతను సంచీ మూతి కట్టి ఇచ్చి, చేతిలో ఉన్న ఆ గరిటనే పక్కనున్న ఓట్స్ డబ్బాలో గుచ్చి, "ఏం కావాలమ్మా?" అన్నాడు.

ఆవిడ పిల్లను చటుక్కున వెనక్కి లాగింది. మండుతున్న గోదాములోకి వెళ్ళినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. అతను చేసింది తప్పని కాదు, మామూలు వాళ్ళకు దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కానీ పెద్దమ్మ మనసు నొచ్చుకుంటుందని ఈ పిల్ల ఒక్క ముక్క కొరికి ఉంటే? ఏమీ వద్దని చెప్పి బయటికి వచ్చి, వీధి అరుగు మీద కూలబడింది. పిచ్చుక పక్కనే చేరి ఆవిడ చెయ్యి నిమరసాగింది.

"ఏం కాలేదుగా పెద్దమ్మా. నేను తినలేదుగా."

"తినకపోవడం మంచి పని. దాచిపెట్టడం మాత్రం కాదు," అంది ఆవిడ పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని. "నీకు తిండి పెట్టేవాళ్ళు ఎవరైనా సరే, నేనైనా, మీ టీచరైనా, ముందు ప్యాకెట్ ఏదీ అని అడుగు. ఎవరు నొచ్చుకున్నా వాళ్ళ ఖర్మ. నీ ఊపిరి కన్నా నా బార్లు ఎక్కువా?"

"నువ్వు నిజంగా నొచ్చుకోవా?"

"నొచ్చుకుంటా. ఒక్క నిమిషం నొచ్చుకుని ఊరుకుంటా. సరేనా?"

పిచ్చుకకు నవ్వొచ్చింది. ఏడుపు ముఖంతోనే నవ్వింది.

మిగిలిన బార్లన్నీ కేంద్రానికి వెళ్ళిపోయాయి. అక్కడ రాళ్ళు అరిగించుకునే వాళ్ళే అందరూ. ఆ వారం సెలవురోజున పెద్దమ్మ వంటగదిని మంటలార్పిన ఇంటిలా కడిగేసింది. డబ్బా, పళ్ళెం, గరిటెలు, కత్తి, ఓవెన్ లోపలి జాలీ, దేన్నీ వదల్లేదు. ఈసారి సీలు వేసిన ప్యాకెట్లే కొన్నారు. పిచ్చుక గట్టెక్కి కూర్చుని, ఒక్కో ప్యాకెట్ వెనక రాసింది కూడబలుక్కుంటూ చదివింది. ఎండుద్రాక్ష ప్యాకెట్ దగ్గర ఆగిపోయింది.

"దీన్ని తయారుచేసే చోట జీడిపప్పు కూడా ఉంటుందట. ఇది ఫెయిల్."

"చిత్తం మేడమ్," అని పెద్దమ్మ దాన్ని తీసి అవతల పెట్టింది. బదులుగా ఆపిల్ ఇంకొంచెం తురిమింది. పిండి కలపడం పిచ్చుక వంతు. మోచేతుల దాకా అంటించుకుని, ముక్కు మీద కూడా పూసుకుని కలిపింది. చల్లారే దాకా ఇద్దరూ ఓవెన్ ఉన్న గది వైపే వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకుని, వాకిట్లో కూర్చుని ఆసుపత్రికి ఫోను చేశారు.

"మీ ఇద్దరిలో ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారే?" అంది చెల్లెలు అంతా విని.

పిచ్చుక తన డబ్బా అందరితో పంచుకునేలా పెద్దమ్మ టీచరుతో మాట్లాడి ఒప్పించింది. సోమవారం పిచ్చుక పెద్ద డబ్బా నిండా బార్లు తీసుకుని బడికి వెళ్ళింది. ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డ పెద్దమ్మ దగ్గరికి పరుగున వచ్చింది గానీ, ముఖం ముడుచుకుని ఉంది.

"ఏమైందే? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"డబ్బా మధ్య బల్ల మీద పెట్టమంది టీచర్. అందరూ చేతులు కడుక్కుని నా చుట్టూ చేరారు. ఇందులో ఏముంది, అందులో ఏముంది అని అడిగితే అన్నీ చెప్పాను. చెప్పేలోపు ఒక్కొక్కళ్ళూ రెండేసి లాగేసుకున్నారు. నేను చేసినవి నాకే ఒక్కటి మిగిలింది పెద్దమ్మా! అదీ అంచు ముక్క!"

పెద్దమ్మ అక్కడే, అంతమంది తల్లిదండ్రుల మధ్యే, మోకాళ్ళ మీద కూర్చుని పిల్లను దగ్గరికి తీసుకుంది.

"ఏమన్నావ్? మళ్ళీ చెప్పు."

"అందరూ నావి తినేశారు," అంది పిచ్చుక కోపంగా.

"ఇంకోసారి."

"పెద్దమ్మా!"