దెబ్బ తగలని మచ్చలు

గొలుసుకు తలకిందులుగా వేలాడుతూ మరో కోడి వచ్చింది. అర్లీన్ ప్రూయిట్ ఎడమచేత్తో రెక్క విప్పి, దీపం కిందికి తిప్పి, కమిలిన చోట కత్తి పెట్టి ముక్క తీసి పారేసింది. అంతలో ఇంకోటి వచ్చింది. ఆర్కన్సాలోని ఆ కోళ్ల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే.

ఆమె మెడలో తాడుకు ఒక ప్లాస్టిక్ కార్డు ఉంటుంది. దానిమీద రంగుల పట్టీ. మచ్చ ఎర్రగా ఉంటే దెబ్బ ఇప్పుడే తగిలినట్టు, అది ఫ్యాక్టరీ తప్పు. ఊదాగా ఉంటే రాత్రి కోళ్లను పట్టి లారీ ఎక్కించినవాళ్ల తప్పు. పచ్చబడితే అంతకు ముందే షెడ్డులో తగిలింది, పెంచిన రైతు తప్పు. కార్డు కొత్తవాళ్లకు కావాలి గానీ అర్లీన్‌కు అక్కర్లేదు. పొట్టి మనిషి, యాభై ఎనిమిదేళ్లు, ఎడమ భుజం కొంచెం కిందికి జారి ఉంటుంది. రంగు చూసి దెబ్బ ఎప్పుడు తగిలిందో గంటతో సహా చెప్పేస్తుంది.

మూడు వారాలుగా ఆమె ఒంటిమీద మచ్చలు లేస్తున్నాయి. మోచేతుల కింద, తొడల మీద, నడుము దగ్గర, అరచేయంత వెడల్పున. ఒకటి పచ్చబడేలోగా పక్కన రెండు ఊదావి వస్తున్నాయి. ఏ ఒక్కదానికీ దెబ్బ గుర్తులేదు.

పక్క బల్ల దగ్గర పనిచేసే నోయెమీ గ్వాటెమాలా పిల్ల. ఆ ఉదయం అర్లీన్ చేతి తొడుగులు మార్చుకునేటప్పుడు ఆ మచ్చలు ఆమె కళ్లబడ్డాయి.

"మిస్ అర్లీన్, పళ్లు తోముకుంటే రక్తం వస్తోందన్నారు. ఇప్పుడు ఇవి. ఇది ఐసుతో పోయేది కాదండీ."

"ముసలి కోడిని కదే, ముట్టుకుంటే కములుతాను," అంది అర్లీన్.

నవ్వేసిందే గానీ ఆమెకు తెలియదా? ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక పూట మానాలి. మానితే ఒక పాయింటు. ఎనిమిది పాయింట్లకు ఉద్యోగం ఊడుతుంది. భర్త రాయిస్ పోయేముందు మంచాన ఉన్నప్పుడే ఆమెకు ఏడు పడ్డాయి. ఫ్యాక్టరీయే డాక్టరు దగ్గరికి పంపితే పాయింటు పడదు. అలా పంపాలంటే ఏడుసార్లు ఫస్ట్‌ఎయిడ్ గదికి వెళ్లి ఐసు పెట్టించుకుని ఉండాలట. ఎవడు పెట్టాడో ఆ లెక్క!

భోజనాల వేళ ఐదోసారి వెళ్లింది. ఆ గది చూసే మిసెస్ హాస్కిల్ చెడ్డమనిషేమీ కాదు. రిజిస్టరులో "దేనికి తగిలింది" అనే గడి ఉంటుంది. అది ఖాళీగా వదలకూడదు. ఆ ఫ్యాక్టరీలో దెబ్బ లేకుండా మచ్చ ఉండదు, కోడికైనా మనిషికైనా. దేనికీ తగల్లేదని అర్లీన్ ఐదోసారీ చెప్పింది. మిసెస్ హాస్కిల్ ఐదోసారీ "బల్ల అంచు" అని రాసి, ఐసు సంచి ఇచ్చి, భుజం నొప్పికి రెండు ఆస్పిరిన్లు చేతిలో పెట్టింది. రక్తం గడ్డకట్టని మనిషికి, రక్తాన్ని ఇంకా పలచబరిచే ఆస్పిరిన్! కంచే చేను మేయడమంటే ఇదే.

మధ్యాహ్నం ఒక లారీ కోళ్లన్నీ ఊదా రెక్కలతో వచ్చాయి. అర్లీన్ చెయ్యెత్తింది. సూపర్‌వైజరు కర్టిస్ పరిగెత్తుకొచ్చాడు. వెనకే సరుకు తనిఖీ చేసే ఇద్దరు తెల్లకోట్లవాళ్లు కెమెరాతో వచ్చారు. ఏ రెక్క, ఎంత వెడల్పు, ఏ రంగు, అన్నీ కొలిచి రాశారు. గంట తిరిగేలోగా లారీవాళ్లకు నోటీసు వెళ్లింది. చచ్చిన కోడికి జరిగిన మర్యాద అది.

అర్లీన్ చేతి తొడుగు లాగేసింది. చొక్కా చెయ్యి మోచేయి దాకా మడిచి, ఆ కోళ్ల పక్కనే దీపం కింద పెట్టింది.

"దీన్నీ రాసుకో కర్టిస్," అంది నెమ్మదిగా. "ఎవరి తప్పో తేల్చు."

తెల్లకోట్లలో ఒకడు కెమెరా దించేశాడు. కర్టిస్ కాసేపు ఆ చేతినే చూశాడు. చూడలేదని తర్వాత ఎవరూ అనడానికి లేదు.

"చెయ్యి తియ్యి అర్లీన్. లైను నడుస్తోంది."

ఆమె తొడుగు వేసుకుంది. పని దిగేదాకా ఒక్క కోడినీ వదల్లేదు. వెళ్లేటప్పుడు తలనొప్పిగా ఉందని, పాయింటు పడితే పడనీ, పొద్దున్నే ఆసుపత్రికి పోతానని చెప్పింది. నేనే కారులో తీసుకెళ్తానంది నోయెమీ. అర్లీన్ సరేనని, మెడలోని కార్డు తీసి బల్ల పక్క మేకుకు తగిలించింది.

మర్నాడు ఏడింటికి నోయెమీ వెళ్లేసరికి వంటింటి తలుపు తీసే ఉంది. అర్లీన్ బూట్లు వేసుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు. కాఫీ చల్లారిపోయింది.

ప్లేట్‌లెట్లు దాదాపు లేవని, తలలో రక్తం కారి ప్రాణం పోయిందని ఆసుపత్రిలో చెప్పారు. చిన్న రక్తపరీక్షతో తెలిసేదట. ముందే వచ్చి ఉంటే మందులుండేవట. ఫ్యాక్టరీ రిజిస్టరు చూస్తే ఐదుసార్లు బల్ల అంచుకు గుద్దుకున్న మనిషి, అంతే.

సోమవారం ఆ బల్లకు నోయెమీని మార్చారు. మేకుకున్న కార్డు మెడలో వేసుకోబోయి వెనక్కి తిప్పి చూసింది. చెరగని నల్లసిరాతో పదకొండు తేదీలున్నాయి. ప్రతిదాని పక్కనా మచ్చ ఎక్కడో, ఏ రంగో, పొందిగ్గా రాసి ఉంది. చివర మాత్రం పదకొండింటికీ ఒకటే మాట: దెబ్బ లేదు.

నోయెమీ కార్డును మెడలో వేసుకోలేదు. దీపం కింద, లైను మొత్తానికి కనబడేలా, వెనకవైపు ముందుకు తిప్పి తగిలించింది. గొలుసు కదిలినప్పుడల్లా అది కొంచెం ఊగుతోంది.