ఇందు వేసిపెట్టిన లాప్‌టాప్

పెళ్లయి నెల తిరగలేదు. అత్తగారి ఊరు బేస్తవారిపేటలో గోపికకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. కిటికీలోంచి తొంగిచూసే మేకపిల్ల, మొగుడు వీరాంజనేయులు తనకోసం మిగిల్చిపెట్టే మీగడ, ఆఖరికి కుక్కర్ కూత కూడా. గిట్టనిది ఒక్క పేరే. ఇందు.

ఇందు గిద్దలూరులో ఉండే అతని మేనమామ కూతురు. వాళ్లిద్దరికీ పెళ్లి చేయాలని పెద్దలు ఒకప్పుడు అనుకున్నారట. అతని లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసిపెట్టిందీ ఆమే. ఇప్పుడా లాప్‌టాప్ అప్‌డేట్ కానని మొరాయిస్తోంది.

"ఇందుకు ఫోన్ కొడతా," అన్నాడు వీరాంజనేయులు, చొక్కా తొడుక్కుంటూ.

"నేనేం కంప్యూటర్లు చదవలేదా? సాయంత్రందాకా ఆగు, నేను చేస్తా."

"రేపు ఇంటినుంచే ఆఫీసు పనుంది. చెడగొట్టేవు!"

"చెడితే అప్పుడు పిలుచుకో నీ మరదల్ని."

అతను నవ్వుకుంటూ కంభం బస్సెక్కడానికి వెళ్లాడు. వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్త ఎల్లమ్మ మాత్రం, "ఇందైతే చిటికెలో చేస్తది," అని గొణిగింది. గోపికకు ఒళ్లు మండింది.

తెర మీది తప్పుల వరుసలన్నీ ఓపిగ్గా చదివింది. అప్‌డేట్లు దించిపెట్టే ప్యాకేజీ మేనేజర్ సరుకు తెచ్చుకునే చిరునామాల్లో ఒకటి ఎప్పుడో మూతపడింది. ఏదో పాటల యాప్ కోసం ఇందు చేర్చిన చిరునామా అది. "నీ పాటలు నువ్వే వినుకో తల్లీ," అంటూ ఆ వరుస తీసేసింది. ప్రాణం లేచొచ్చింది. బెల్లం ముక్క నోట్లో వేసుకుని మళ్లీ అప్‌డేట్ నడిపింది.

కాలేదు. ఇప్పటికే వేరొకరు అప్‌డేట్ నడుపుతున్నారు, ఆగమంది.

వేరొకరెవరు? ఇంట్లో ఉన్నది తనూ అత్తే. లాప్‌టాప్‌లోకి ఎవరెవరు వచ్చి ఉన్నారో చూసింది. తన మొగుడి పేరు కింద ఇందు పేరు.

గిద్దలూరులో కూర్చుని, నెట్ మీదుగా ఇక్కడి లాప్‌టాప్‌లో! తాళాలు తన కొంగున ఉండగానే ఎవరో వంటింట్లో దూరి పోపు పెడుతున్నట్టనిపించింది. ఆ పనిని మధ్యలో తెంపేసే ఆదేశం టైప్ చేసి, ఎంటర్ మీద వేలు పెట్టి ఆగింది. ప్యాకేజీలు సగం ఎక్కాక తెంపితే మొత్తం చెడుతుంది. చెడితే రేపు మొగుడు పిలిచేది ఎవరిని?

వేలు తీసి, ఇందుకు ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వా! బావకు రేపు పనుంది చూడమని అత్త ఫోన్ చేసింది. పొద్దుట్నుంచి కొట్టుకుంటున్నా, పోలే. ఇప్పుడే ఏమైందో గాని కదిలింది!"

"కదిలించింది నేను. నీ పాటల చిరునామా తీసేసినా."

"అదా! నాకు తట్టనే లేదక్కా." ఇందు పకపకా నవ్వింది. ఆ నవ్వు కూడా బాగుండటం గోపికకు మరో మంట.

"ఇది పూర్తయినాక నీ ఖాతా కూడా తీసేస్తా."

"తీసెయ్యి, నీకు పుణ్యముంటది. మౌసు కదలకపోయినా నాకే ఫోన్ చేస్తాడు నీ మొగుడు!"

పోట్లాటకు బిగించిన కొంగును గోపిక వదులు చేసుకుంది. అప్‌డేట్ పూర్తవగానే ఇందు ఖాతాను మాత్రం మొహమాటం లేకుండా తీసేసింది.

కాసేపటికి వీరాంజనేయులు ఫోన్ చేశాడు.

"ఏమే, అంత పని చేసినావంట! ఇంక ఏమున్నా నిన్నే అడగమంటాంది ఇందు."

గోపిక బుగ్గలు పొంగాయి. ఆ వెంటనే కళ్లు చిన్నవయ్యాయి.

"అట్లనా. అంటే ముందు దానికే చేసినావా ఫోను?"