జెయింట్ వీల్‌కి రెండు రోజులు

సెలవులు మూడు రోజులు. అందులో పార్కులకి ఎన్ని, సముద్రానికి ఎన్ని అన్నది తేలక ఆ ఇంట్లో వారంగా ఎవరికీ తిండి సయించడం లేదు. సయించడం లేదంటే తినడం మానేశారని కాదు. శుభ్రంగా తింటూనే పోట్లాడుకుంటున్నారు.

ఇంటాయన ఏసీలు బిగించే మనిషి. ఎండాకాలమంతా మేడల గోడలకి బల్లిలా అతుక్కుని పనిచేస్తాడు. అందుకని ఆయనకున్న కోరిక ఒక్కటే. ఒక రోజు సముద్రం ఒడ్డున వెల్లకిలా పడుకుని, ఎవరేమడిగినా పలక్కుండా ఉండాలి. పదిహేనేళ్ళ కూతురికీ, దానికంటే చాలా చిన్నవాడైన బుడ్డోడికీ ఆ సముద్రపు ఊళ్ళో ఉన్న పార్కులు రెండూ కావాలి. జెయింట్ వీల్ ఉన్న పెద్ద పార్కొకటి, పాముల్లా మెలికలు తిరిగిన జారుడుబల్లలున్న నీళ్ళ పార్కొకటి. ఒక రోజు పెద్ద పార్కు, ఒక రోజు నీళ్ళ పార్కు, ఒక రోజు సముద్రం. లెక్క కుదిరిపోయింది కదా, ఇంకేం పేచీ అంటారా?

పేచీ ఇంటావిడ తమ్ముడి దగ్గరొచ్చింది.

ఇంటావిడ లాండ్రీ షాపులో బట్టలు ఆల్టరేషన్ చేస్తుంది. ఎవరికి బిగుతైతే వాళ్ళకి వదులు చెయ్యడం, ఎవరికి వదులైతే వాళ్ళకి కుట్టు వెయ్యడం ఆవిడ పని. వీధి వీధంతా ఆవిడని ‘అక్కా’ అనే పిలుస్తుంది. నలభై ఏళ్ళ తమ్ముడు పొద్దస్తమానం అలా పిలవడం వినీ వినీ అందరికీ అదే నోటికొచ్చింది. మొగుడు కూడా అప్పుడప్పుడూ పొరపాటున అనేసి నాలిక కరుచుకుంటాడు.

తమ్ముడు బేకరీలో కేకుల అట్టపెట్టెలు మడతపెడతాడు. తను మడిచిన పెట్టె మూల ఇప్పటిదాకా ఒక్కటీ విడిపోలేదని ఎవరడిగినా అడక్కపోయినా చెప్తాడు. పిల్లలు అతన్ని ‘రేపు మావయ్య’ అంటారు. ఊరికే రాలేదు ఆ పేరు. కొత్తది ఏదైనా సరే, అతను మొదటి రోజు చూస్తాడు, మర్నాడు చేస్తాడు. కొత్త చెప్పులు కొనిస్తే గుమ్మం పక్కన పెట్టుకుని ఆ రోజంతా వాటినే చూసి, మర్నాడు వేసుకుంటాడు. కొత్త సెలూన్‌కి వెళ్తే బల్ల మీద కూర్చుని పదిమంది క్షవరాలు చూసి, జుట్టు అలాగే వేసుకుని ఇంటికొచ్చేస్తాడు. మర్నాడు తనే వెళ్ళి బుద్ధిగా కుర్చీలో కూర్చుంటాడు. తొందరపెట్టారో, అంతే సంగతులు. చెవులు మూసుకుని నేల మీద చతికిలబడతాడు. ఇక బతిమాలినా బామాలినా లేవడు. చిన్నప్పటినుంచీ అదే తీరు.

అలాంటి మనిషి, ఫలానాది కావాలని పుట్టి బుద్ధెరిగి అడగనివాడు, ఒక సాయంత్రం బేకరీనుంచి వచ్చి, “అక్కా, నేనూ ఆ చక్రం ఎక్కుతా” అన్నాడు. బేకరీలో ఎవరి ఫోన్‌లోనో జెయింట్ వీల్ చూశాడట. అక్కకి సంతోషంతో కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ తర్వాత గుండెలో రాయి పడింది. పెద్ద పార్కుకి ఒక్క రోజే వెళ్తే, వాడు చూసి వచ్చేస్తాడు. ఎక్కడు. ఎక్కేది రెండో రోజు.

విడివిడిగా వెళ్ళొచ్చుగా, ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏముంది అని మీకు తోచే ఉంటుంది. ఆ ముక్క ఆ ఇంట్లో అనకూడదు. అక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎక్కడికి వెళ్ళాలన్నా అమ్మానాన్నలు తమ్ముణ్ణి పక్కింట్లో వదిలేసి వెళ్ళేవారు. వాడితో బయట పడలేం అనేవారు. తిరిగొచ్చేసరికి వాడు పక్కింటి కిటికీ ఊచలు పట్టుకుని, వదిలి వెళ్ళినప్పుడు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడి ఉండేవాడు. తన సంసారం తనకొచ్చాక అక్క ఒకటే మాట పెట్టుకుంది. వెళ్తే అందరం కలిసే, లేదంటే అందరం ఇంట్లోనే. ఆ మాట విషయంలో ఆవిడది ఉడుంపట్టు.

“పెద్ద పార్కుకి రెండు రోజులు” అంది అక్క ఆ రాత్రి పళ్ళేలు పెడుతూ, ఏమీ ఎరగనట్టు.

బుడ్డోడు ఒంటికాలి మీద లేచాడు. “మరి నీళ్ళ పార్కు?”

“వచ్చే ఏడు.”

“పోయినేడూ వచ్చే ఏడే అన్నావు!”

“పోనీ నా సముద్రం మానేద్దామా?” అన్నాడు ఇంటాయన. అంటూనే మొహం మాడిపోయింది, పాపం. ఆ మొహం చూసి ఆ మాట నమ్మేవాళ్ళెవరు?

అప్పుడు కూతురు నోరు జారింది. “మావయ్య ఎలాగూ ఎక్కడమ్మా. రెండో రోజూ చూసే వస్తాడు. ఆయన నిలబడి చూడ్డానికి మేమందరం మా సరదా మానుకోవాలా?”

మావయ్య అక్కడే ఉన్నాడు. అతనికేం చెవుడు లేదు. అతని ముందు అతని గురించి మాట్లాడేటప్పుడు జనానికి ఆ సంగతి గుర్తుండదు, అంతే.

“నేను రాన్లే అక్కా” అన్నాడు మెల్లిగా. “బేకరీలో పెట్టెలు అయిపోతాయి.” తన పళ్ళెం తనే కడిగి బోర్లించి గదిలోకి వెళ్ళిపోయాడు.

అక్క కూతుర్ని తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ పిల్లకే తేలిగ్గా ఉండేది. పిల్ల తలొంచుకుని పళ్ళెంలో వేళ్ళు పెట్టి కెలుకుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ఇంటాయన పళ్ళు తోముకుంటూ తోముకుంటూ ఉన్నట్టుండి వంటింట్లోకి వచ్చాడు, నోటినిండా నురుగుతోనే. “ముందురోజు సాయంత్రమే అక్కడికి చేరిపోదాం! పార్కు పక్క రోడ్డు మీద నిలబడితే ఆ చక్రం మొత్తం కనపడుతుంది. చూడ్డమేగా కావాలి? చూసేస్తాడు. మర్నాడు ఎక్కేస్తాడు. ఎవరిది వాళ్ళకి మిగులుతుంది.”

ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. “ఏమోయ్ బావమరిదీ, సరేనా?” అని అడిగితే తమ్ముడు “సరే బావా” అన్నాడు. అక్క ఆ రోజు షాపులో ఎవరి ప్యాంటు ఎంత పొట్టి చేసిందో దేవుడికెరుక. మనసంతా చక్రం చుట్టూనే తిరిగింది.

అనుకున్నట్టే ముందురోజు సాయంత్రం చేరారు. రోడ్డు పక్కన నిలబడి అందరూ చూశారు. చక్రం దీపాలతో ధగధగలాడుతూ తిరుగుతోంది. తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడు. “ఇంక ఫరవాలేదు” అని ఇంటాయన అప్పుడే సముద్రం ఒడ్డున పడుకున్నంత హాయిగా నిట్టూర్చాడు.

మర్నాడు పార్కులో గేటు తియ్యగానే అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని తిన్నగా జెయింట్ వీల్ వరసలో నిలబడింది. పట్టుకోవడమంటే మామూలుగా కాదు, సంతలో తప్పిపోతాడేమో అన్నంత గట్టిగా. వరస కదిలింది. వాళ్ళ వంతు వచ్చింది. మనుషులు కూర్చునే పెట్టె నెమ్మదిగా ముందుకొచ్చింది. అక్కడి పనివాడు తలుపు తీశాడు.

తమ్ముడు కదల్లేదు. “ఇవాళ చూస్తా” అన్నాడు.

“నిన్న చూశావుగా నాన్నా!”

“నిన్న చక్రం చూశా. తలుపు చూళ్ళేదు.”

“తలుపులో చూడ్డానికి ఏముందిరా? రా, నేనున్నాగా. నా బంగారు కదూ!” చెయ్యి లాగింది. వెనకాల జనం సణుగుడు మొదలుపెట్టారు. తొందరగా కానివ్వమని పనివాడు కేకేశాడు. అక్క ఇంకొంచెం గట్టిగా లాగింది. అంతే, తమ్ముడు రెండో చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని కూలబడబోయాడు. అక్కకి భయమేసింది. అతన్ని పొదివి పట్టుకుని వరసలోంచి బయటికొచ్చేసి, అక్కడే నిలబడి ఏడ్చింది. అంతమంది చూస్తున్నా సిగ్గుపడలేదు. అడక్క అడక్క వాడు ఒక్కటి అడిగితే, అదీ చేతికందాక జారిపోయింది.

మిగతా రోజంతా తమ్ముడు చక్రానికి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. అక్క మొహం కడుక్కుని బుడ్డోడి వెంట తిరిగింది. కూతురు మాత్రం వేరే రైడ్‌లు ఎక్కడానికి వెళ్ళి, సగం దారిలో వెనక్కి వచ్చి మావయ్య పక్కన కూలబడింది. ఆ రాత్రి అన్న మాట దానికింకా గొంతులో ముల్లులా ఉంది.

“ఏం చూస్తున్నావు మావయ్యా?” అంది.

“కొక్కెం” అన్నాడు. “తలుపు మూశాక బయటినుంచి కొక్కెం వేస్తాడు. లోపలినుంచి రాదు. చక్రం పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది, అప్పుడు ఎక్కాలి. ముందు కుడికాలు. ఆవిడ చూడు, ఎడంకాలు పెట్టింది, తూలింది.”

పిల్ల చూసింది. నిజమే. ఎడంకాలు పెట్టినవాళ్ళందరూ తూలుతున్నారు. మావయ్య ఊరికే చూస్తాడని ఇన్నాళ్ళూ అనుకుంది. ఊరికే చూడ్డం లేదు. ఎక్కే పని అంతా అతను ఈ బెంచీ మీదే చేస్తున్నాడు. పక్కనే కూర్చుని ఎవరు ఏ కాలు పెడుతున్నారో అదీ చూసింది.

సాయంత్రం లాడ్జి గదిలో అక్క తడి మొహం తుడుచుకుంటూ తేల్చేసింది. “రేపు మళ్ళీ ఆ పార్కుకే. అందరం.”

బుడ్డోడు తన ఈత బట్టలు తీసి మళ్ళీ సంచిలో కుక్కేశాడు. ఇంటాయన కిటికీలోంచి ఎటో చూశాడు.

“మీరు నీళ్ళకి వెళ్ళండి” అన్నాడు తమ్ముడు. “నేనూ అమ్మాయీ చక్రం దగ్గరికి వెళ్తాం.”

అక్కకి ఒక క్షణం అర్థం కాలేదు. “మరి నేను?”

“నువ్వొద్దు.”

అక్క మంచం మీద కూలబడింది. “అదేంట్రా? నిన్నెప్పుడన్నా వదిలిపెట్టానా నేను?”

“వదల్లేదు” అన్నాడు తమ్ముడు. కోపంగా కాదు, అట్టపెట్టె ఎలా మడవాలో చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. “నువ్వు వదలవు అక్కా. ఆ తలుపు చిన్నది. ఒక్కొక్కళ్ళే ఎక్కాలి. నువ్వు చెయ్యి పట్టుకుంటే ఎక్కలేను.”

అక్క కూతురి వైపు చూసింది. “నువ్వు ఈ ఏడాదంతా నీళ్ళ పార్కనే కదే కలవరించావు?”

“పోన్లే అమ్మా” అంది పిల్ల. “ఏ కాలు ముందు పెట్టాలో నాకూ తెలుసు. మాకేం భయం లేదు.”

ఇన్నేళ్ళూ తన ప్రాణంలా పట్టుకున్న మాటని వదలడం ఎంత కష్టమో అక్కకి ఆ రాత్రి తెలిసింది. కలిసి వెళ్ళడమంటే వాణ్ణి వదలకపోవడమే అనుకుంది. వాడు తనంతట తను వెళ్తానంటే ఏం చెయ్యాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చివరికి “ఎండకి టోపీ పెట్టుకో” అని మాత్రం అనగలిగింది.

మర్నాడు నీళ్ళ పార్కులో బుడ్డోడు చేపపిల్ల అయిపోయాడు. అక్క ఒడ్డున గొడుగు కింద కూర్చుని తువ్వాలు మెలిపెడుతూనే ఉంది. “దాన్నెందుకు అలా పిండుతావు? అది పొడిగానే ఉంది” అన్నాడు ఇంటాయన. ఆవిడ నవ్వలేదు. ఫోన్ చెయ్యొద్దని కూతురు మరీ మరీ చెప్పి వెళ్ళింది. మావయ్య చూసే పనిలో ఉంటే మధ్యలో కదపకూడదట. ఆవిడ ఫోన్ తియ్యడం, మళ్ళీ సంచిలో పెట్టడం, దాంతోనే పొద్దు వాలింది. ఈపాటికి కూలబడ్డాడేమో, జనం నవ్వారేమో, ఆ పిల్ల ఒక్కత్తీ ఏం చేస్తుందో అని ఆవిడ మనసు పోని పోకడ లేదు.

మావయ్యా మేనకోడలూ లాడ్జికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. తమ్ముడి ముక్కు ఎండకి ఎర్రగా కమిలిపోయింది. టోపీ పెట్టుకోలేదన్నమాట. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎక్కావా అని అడగడానికి నోరు రాలేదు.

“పైనుంచి నీకోసం చూశానక్కా” అన్నాడు తమ్ముడు.

“కనిపించానా?” అంది అక్క.

“లేదు. నీళ్ళ పార్కు కనిపించింది. మనుషులు మరీ చిన్నగా ఉన్నారు. అందుకని మళ్ళీ ఎక్కా.”

“మళ్ళీ ఏంటి, అసలు దిగితేగా!” అంది కూతురు చెప్పులు విప్పి మంచం మీద వాలిపోతూ. “ఎన్నిసార్లో నాకే గుర్తు లేదు. నాకు కడుపులో తిప్పేస్తోందంటే వినడే! ‘అక్క కనపడలేదు, ఇంకోసారి చూద్దాం’ అంటాడు. ఇక నావల్ల కాక చివర్లో ఆయన్నొక్కణ్ణే ఎక్కించి నేను కింద కూర్చున్నా. ఒక్కడే వెళ్ళొచ్చాడమ్మా.”

అక్క గుమ్మంలోనే చతికిలబడి బావురుమంది. ఇంటాయన కంగారుగా మంచినీళ్ళు తెచ్చాడు. బుడ్డోడు ఎవరేమన్నారో తెలియక అందరి మొహాలూ చూశాడు.

“ఏడుపెందుకక్కా?” అన్నాడు తమ్ముడు అయోమయంగా. “పైకెళ్ళినప్పుడల్లా చెయ్యి ఊపాను కూడా. నీకు కనపడలేదా?”

అబద్ధం చెప్దామనుకుంది అక్క. చెప్పలేకపోయింది. “కనపడలేదురా నాన్నా.”

“పర్లేదు. నేను ఊపా” అని తమ్ముడు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.