కూలితో వచ్చే సీసా

పన్నెండో ట్రే దించేసరికి రేవు కూలీ సమాధానానికి నడుం పట్టేసింది. జువ్వలదిన్నె రేవులో ఎండ మాడిపోతోంది, బోటులో చేపలింకా సగం అలాగే ఉన్నాయి. అంతలో ఫేబీ వచ్చి ఎదురుగా నిలబడింది. సమాధానంతో పాటు ట్రేలు మోసే సుకుమార్‌కి భార్య. నిన్న మొగుడు కొట్టిన దెబ్బకు కన్ను వాచి ఉంది.

"అన్నా, నువ్వు తాగుడు మానేసి ఆరేళ్లాయె. ఎట్ట మానినావో ఆయనకి చెప్పన్నా. కూలితో ఇచ్చే సీసా ఒకటేగదా? ఈయన రెండు తాగి వస్తుండాడు. రెండోది యాడిదో తెలవడంలా."

సమాధానానికి తెలుసు. బోటు దించితే ఏడొందల కూలి, పైన ఒక క్వార్టరు సీసా. ఎప్పటి నుంచో ఉన్న మామూలు. తాగుడు మానినా ఆ సీసా మాత్రం వదల్లేదు. వద్దంటే ఓనరు ముఖం మాడ్చుకుంటాడని తనకు తాను చెప్పుకునేవాడు. తీసుకుని, మూత తియ్యకుండా సుకుమార్ చేతిలో పెట్టేవాడు. అసలు సంగతి వేరే. ఆ కాసేపు సీసా చేతిలో ఉంటే అతనికి హాయిగా ఉండేది. ఆదివారం మాత్రం చర్చిలో లేచి, దేవుడు తనకు తాగుడు నుంచి విడుదల ఇచ్చాడని సాక్ష్యం చెప్పేవాడు. ఎంత సిగ్గుమాలిన పని!

"నీకు తాగుడు నిజంగా పోయిందా అన్నా? పట్టుకుంటే చచ్చేదాకా వదలదంటుండారే" అంది ఫేబీ.

సమాధానం ట్రే ఎత్తుకుని అవతలికి వెళ్లిపోయాడు.

పని ముగిశాక ఓనరు నరేంద్రబాబు కూలి డబ్బులిచ్చి, సీసా చాపాడు.

"నాకొద్దు సార్."

"నువ్వు తాగవని తెలుసులేబ్బా. ఎవరికన్నా ఇచ్చుకో."

"ఎవురికీ ఇయ్యను. ఇంక నా పేరుతో సీసా తేబాకండి."

తన సీసా అప్పటికే లుంగీలో దోపుకున్న సుకుమార్, అలవాటుగా చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు.

"అదేందన్నా, నా సీసా వద్దంటుండావు?"

'నా సీసా' అన్నాడు వాడు. ఆ మాట సమాధానం గుండెల్లో దిగింది. తప్పు ఎవరిదో ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

ఓనరు ఇంకా సీసా పట్టుకునే ఉన్నాడు. సమాధానం చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. కుడి చెయ్యి ముందుకు రాబోయింది. ఎడమ చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.